హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: వృత్తి శిక్షణ, పరిశ్రమల చరిత్ర

శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణాల ప్రాంతం వర్షాభావానికి, బెంగళూరు వలసలకు పేరుపడింది. 2017 తర్వాత ఇదే ప్రాంతం కార్ల తయారీ కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4 వరకు ఇది అనంతపురం జిల్లాలో భాగం.

చేనేత, పట్టు

ధర్మవరంలో పట్టునేత ఇంట్లోనే నేర్చుకునే విద్య. కండెలు చుట్టడంతో మొదలుపెట్టిన పిల్లలు క్రమంగా మగ్గం మీదికి చేరేవారు. ఆ పనితనాన్ని వెతుక్కుంటూ వ్యాపారులు వచ్చారు. ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఎదిగింది. సమీపంలోని కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ వెలసింది.

సాంకేతిక విద్య

1946లో మద్రాసు గిండీలో ఆరంభమై అనంతపురానికి తరలివచ్చిన ఇంజనీరింగ్ కళాశాల 2008లో జేఎన్‌టీయూ అనంతపురంగా విశ్వవిద్యాలయ హోదా పొందింది. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు కూడా వచ్చాయి. అయినా చదువుకు తగిన ఫ్యాక్టరీలు దగ్గర్లో తక్కువ. బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హిందూపురం చుట్టూ తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు ఏర్పడినా చాలామంది యువకులకు వలస తప్పలేదు.

కియా రాక

కొరియా సంస్థ కియా 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో, సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం తలపెట్టింది. ఈ ఎంపికకు భూమి, రాయితీలు, గొల్లపల్లి జలాశయం నీరు, జాతీయ రహదారి 44, బెంగళూరు సామీప్యం తోడ్పడ్డాయి. శిక్షణ హామీ కూడా ఆ ప్యాకేజీలో భాగమే. 2014లో ఏర్పడిన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థతో కలిసి కియా 2018లో ప్రాథమిక సాంకేతిక కోర్సు నడిపింది. ఒకవైపు నిర్మాణం సాగుతుంటే, మరోవైపు యువత కార్ల తయారీలోని మెళకువలు నేర్చుకుంది. 2019 జనవరి 29న ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో సెల్టోస్ కారు వెలువడింది. డిసెంబరు 5న ప్లాంటు లాంఛనంగా ప్రారంభమైంది. 2023 జూలై నాటికి ఇక్కడ తయారైన కార్లు 10 లక్షలకు చేరాయి. విడిభాగాల కంపెనీలూ వెంట వచ్చాయి.

స్థానికులకు ఉద్యోగాలు

2019లో చేసిన రాష్ట్ర చట్టం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలంది. తగిన నైపుణ్యం ఉన్నవారు దొరక్కపోతే, ప్రభుత్వ సహకారంతో మూడేళ్లలో స్థానికులకు శిక్షణ ఇచ్చి తీసుకోవాలని నిర్దేశించింది. దీంతో నియామకాల భారం కంపెనీపై, నేర్పించే బాధ్యత కంపెనీ, ప్రభుత్వం రెండింటిపై పడింది.

ప్రాధాన్యం

భూమి, నీరు, రోడ్డు, రాయితీలు పెట్టుబడిని పెనుకొండకు రప్పించగలిగాయి. అయితే ఆ పెట్టుబడి ఈ ఊళ్ల ఇళ్లకు జీతంగా చేరాలంటే శిక్షణే దారి. మగ్గం పనిని ఇల్లే నేర్పింది. యంత్రం పనిని నేర్పాల్సింది ప్రభుత్వం, కంపెనీ కలిసి. కర్మాగారం తెరిచాక కాకుండా, గోడలు లేస్తున్నప్పుడే శిక్షణ మొదలుపెట్టడం పెనుకొండ అనుభవంలో అన్నిటికంటే అనుసరించదగిన అంశం.