తాండూరు మిసళ్లు ఏ బీరువాలో?

నేను వికారాబాద్‌లో వకీలు గుమాస్తాని. గార్డు కొలువుకో డ్రైవరు పనికో పోయే పిల్లల మీద కేసులున్నాయేమో చూసిపెట్టమని వెరిఫికేషన్ ఏజెన్సీల కుర్రాళ్లు వస్తుంటారు. ఒకడికి ఠాణా కాయితం చాలు. ఇంకొకడు ఫోనులో ఈకోర్ట్స్ తెరిచి పేరు కొట్టి మూసేస్తాడు. ఎవడో ఒక్కడు కోర్టు రిజిస్టరు చూడమంటాడు. ముగ్గురూ రాసుకుపోయేది మాత్రం 'ఏమీ లేదు' అనే.

ఏ కోర్టులో వెతకాలన్నదే మొదటి చిక్కు. వెనకట తాండూరు గుల్బర్గా జిల్లాలో తాలూకా. ఠాణా అమీన్ సాబు రాతలూ, కచేరీ మిసళ్లూ, అంటే కేసు కట్టలూ, ఉర్దూలోనే. 1956 నవంబరు 1న తాండూరు హైదరాబాద్ జిల్లాలో కలిసింది, పక్కనున్న కొడంగల్ మహబూబ్‌నగర్‌కు పోయింది. 1978లో రంగారెడ్డి జిల్లా వచ్చి తాండూరు అందులోకి చేరింది. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా ఏర్పడి, కొడంగల్ కూడా ఇటే వచ్చింది. జిల్లా కోర్టు 2022లో. అంటే కొడంగల్ మనిషి పాత సెషన్స్ కేసు కావాలంటే మహబూబ్‌నగర్ బీరువా తెరవాలి. బండల గనుల్లో పనికని చించోళి, సేడం పోయి అక్కడ కొట్లాటలో ఇరుక్కుంటే ఆ కేసు కర్ణాటకది. రైల్లో దొంగతనమైతే రైల్వే పోలీసులది.

ఇక పేర్లు. మా దిక్కు నర్సింలు లేని ఊరుందా? ఇంగ్లీషులోకి ఎక్కేసరికి ఎఫ్‌ఐఆర్‌లో ఒక స్పెల్లింగు, ఛార్జిషీటులో ఇంకోటి, ఆధార్‌లో మరోటి. తండ్రి అనంతయ్య, ఊరు ఫలానా అని కలిపి చూస్తే గానీ మనిషి తేలడు.

ఒకప్పుడు ఇంత వెతుకులాటే లేదు. 1871లో ఇంగ్లీషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. నిజాం రాజ్యంలోనూ అలాంటిదే నడిచింది, లంబాడాలు దాని దెబ్బ తిన్నారు. కేసు అక్కర్లేదు, పుట్టుకే రికార్డు. మన దేశంలో ఆ చట్టం 1952లో పోయింది. పేరు రాసిపెట్టే అలవాటు మాత్రం ఠాణాలను అంత తొందరగా వదల్లేదని నా అనుమానం.

కేసు దొరికినా గోల తీరదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కేసు ఎలాంటిదో, ఎట్లా తేలిందో చూసి కొలువు సంగతి తేల్చమంది. మా కోర్టు రిజిస్టరులో ఫలితానికి గడి ఉంది: కొట్టివేత, రాజీ, జరిమానా. ఏజెన్సీ ఫారంలో లేదు. నేను అంచున చిన్నగా రాసిస్తాను, పైకి ఎక్కించేదీ లేనిదీ వాళ్లిష్టం.