గల్ఫు షేకుల కరారులకు ఆర్కాటు పుట్టిల్లు

1899 జనవరి 23న కువైట్ షేక్ ముబారక్ బ్రిటిషువారికి ఒక కరారు రాసిచ్చాడు. వాళ్ల అనుమతి లేనిదే మరో ప్రభుత్వపు ప్రతినిధిని తన గడప తొక్కనివ్వడు. తన భూమిలో ఏ ముక్కనూ ఇంకో ప్రభుత్వానికి గానీ దాని ప్రజలకు గానీ అమ్మడు, కౌలుకివ్వడు, తాకట్టు పెట్టడు. ఆ మాట అతని వారసులనూ కట్టిపడేస్తుంది. బదులుగా పర్షియా తీరంలోని బుషేర్ ఖజానా నుంచి అతనికి ముట్టింది 15,000. పౌన్లు కావు, రూపాయలు. కరారు రాయించుకున్న మీడ్ దొర కూడా లండన్ విదేశాంగశాఖ మనిషి కాడు, భారత ప్రభుత్వం కింద పనిచేసే పొలిటికల్ రెసిడెంటు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల అరేబియా గురించి రాసేవాళ్లు సాధారణంగా జర్మన్ల రైలుమార్గం, రష్యన్ల ఓడరేవు ఆశ, ఆ తర్వాత చమురు అంటూ కథ నడుపుతారు. అవన్నీ ఉన్నవే. కాకపోతే బ్రిటిషువాళ్లు అక్కడికి ఎందుకు వెళ్లారో అవి చెబుతాయి గానీ, వెళ్లినవాళ్ల చేతిలో సరిగ్గా అలాంటి కాగితమే ఎందుకుందో చెప్పవు. ఆ కాగితం పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతూపోతే ఆర్కాటు నవాబు ఏలిన సీమ దగ్గర, అంటే నేటి తిరువళ్లూరు, తిరుత్తణి పరిసరాల్లో తేలతాం.

ఈ రెండు ఊళ్ల మధ్య దూరం నలభై కిలోమీటర్ల పైచిలుకు. పద్ధెనిమిదో శతాబ్దం చివరలో మాత్రం వీటిమీద రెండు వేర్వేరు రకాల ఏలుబడి నడిచింది. తిరువళ్లూరు వైపంతా చెంగల్పట్టు జాగీరు. నవాబు ముహమ్మద్ అలీ 1763లో దాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. కొన్నేళ్లు తానే గుత్తకు పుచ్చుకున్నా, చివరికి కంపెనీ కలెక్టర్లే అక్కడ దిగి శిస్తు వసూలు చేసుకున్నారు. తిరుత్తణి వైపు కార్వేటినగరం పాలెం. ఏలేవాళ్లు బొమ్మరాజులు, కంపెనీ కాగితాల్లో ఆ పేరు ‘బొమ్‌రాజ్’ అయి కూర్చుంది. 1781 ఆగస్టులో తిరువళ్లూరు పక్కనున్న తిరుపాచ్చూరు కోటను మైసూరు హైదర్ అలీ మనుషుల నుంచి పట్టుకున్న కంపెనీ సేనాని ఐర్ కూట్, మరుసటి నెల షోళింగర్ యుద్ధం ముగిశాక సైన్యానికి తిండిగింజల కోసం ఈ పాలెగాళ్ల సీమలోకే వచ్చాడు. పాలెగాళ్లను ఊడబెరికితే ఖర్చు, వదిలేస్తే ప్రమాదం అని కంపెనీ లెక్కగట్టింది. 1802లో సనదులిచ్చినప్పుడు ఆ లెక్క తేలింది. పాలెగాడు యుద్ధానికి మనుషుల్ని తేనక్కర్లేదు, ఆ సేవకు బదులు పేష్కషు, అంటే కప్పం, పెంచి కట్టాలి. ఆయుధం పోయింది, గద్దె మిగిలింది. పాలెగాడు జమీందారు అయ్యాడు. తిరుత్తణి కార్వేటినగరం జమీలో భాగంగానే సాగి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డప్పుడు అందులోకి వెళ్లింది. 1960లో అక్కణ్నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది.

అసలు పాఠం నవాబు దగ్గరే జరిగింది. 1792లో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ముహమ్మద్ అలీతో చేసుకున్న ఒడంబడికలో డబ్బు లెక్కల మధ్య ఒక షరతు ఇమిడి ఉంది. కంపెనీ అనుమతి లేకుండా నవాబు ఏ ఐరోపా రాజ్యంతోనూ, ఏ దేశీయ రాజుతోనూ రాజకీయ సంప్రదింపులు జరపకూడదు. అదే ఒడంబడికతో పాలెగాళ్ల పేష్కషు వసూలు కూడా కంపెనీ చేతికి పోయింది. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయాక టిప్పు కాగితాల్లో నవాబుల ఉత్తరాలు దొరికాయన్నారు. అవి నిజంగా ద్రోహమేనా, మర్యాదకు రాసుకున్న మాటలేనా అన్న వాదన నాడే నడిచింది. కాగితాలు చదివితే రెండోదే సబబనిపిస్తుంది గానీ, అప్పటి గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి ఆ తేడాతో పనిలేదు. షరతు మీరావు, కాబట్టి ఒడంబడిక రద్దు, కాబట్టి రాజ్యం మాది. 1801 జులైలో ముహమ్మద్ అలీ కొడుకు, నవాబు ఉమ్దతుల్ ఉమరా కన్నుమూశాక, అతని కొడుకు అలీ హుసేన్ ఒప్పుకోకపోతే అతన్ని పక్కకు నెట్టి, అజీముద్దౌలాను గద్దెనెక్కించి సంతకం పెట్టించారు. ఆదాయంలో అయిదో వంతు, బిరుదు అతనికి, పాలన కంపెనీకి. పరాయి రాజ్యాలతో మాట్లాడొద్దన్న ఒక్క వాక్యం పాలకుడి మెడకు ఎలా ఉచ్చు కాగలదో ఇంత స్పష్టంగా అంతకుముందు ఎక్కడా రుజువు కాలేదు.

గల్ఫు వ్యవహారాలు బొంబాయివి కదా, మద్రాసుకు వాటితో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. 1819 చివర్లో రస్ అల్ ఖైమా మీదికి వెళ్లిన దండు బొంబాయిదే, మరుసటి ఏడాది జనవరిలో సంధి చేయించిందీ బొంబాయివాళ్లే. కానీ అంతకు ఇరవయ్యేళ్ల ముందరి సంగతి చూడాలి. 1798 అక్టోబరులో మస్కట్ సుల్తాను నుంచి ఫ్రెంచివాళ్లను రానివ్వనని కంపెనీ ఒక కౌల్‌నామా రాయించుకుంది. భయం నెపోలియన్ గురించి, అతని వెనక టిప్పు గురించి. దాన్ని 1800 జనవరిలో మస్కట్‌కు వెళ్లి గట్టిపరిచి, అక్కడ కంపెనీ మనిషి ఒకడు కాపురముండే ఏర్పాటు చేసినవాడు జాన్ మాల్కం. పద్నాలుగేళ్లు నిండకుండానే మద్రాసు సైన్యంలో చేరినవాడు. 1798లో హైదరాబాదు రెసిడెంటుకు సహాయకుడు, 1799లో మైసూరు పంపకాల కమిషన్‌కు కార్యదర్శి, ఆ వెంటనే మస్కట్‌కు, పర్షియాకు రాయబారి. అతన్ని పంపింది, ఆర్కాటును మింగింది ఒకే వెల్లెస్లీ. ఇంత దగ్గరి వరుసను కాకతాళీయం అనుకోవడం కష్టం.

ఆ తర్వాత షరతు నెమ్మదిగా తీరం వెంబడి పాకింది. 1880లో బహ్రెయిన్ షేక్ ఈసా, 1892లో దుబాయి, అబూధాబి తదితర షేకులు, 1899లో కువైట్, 1915 డిసెంబరులో దారీన్ దగ్గర పెర్సీ కాక్స్ ఎదుట ఇబ్న్ సౌద్, 1916లో ఖతర్. మాటలు కాస్త అటూఇటూ అయినా సారం ఒకటే: బయటి రాజ్యంతో మా ద్వారానే మాట్లాడాలి, నేల మాకు తెలియకుండా చేతులు మారకూడదు. ఇబ్న్ సౌద్ సంధిని ఖాయపరిచింది సిమ్లాలో ఉన్న వైస్రాయి. అంతకుముందే, 1903లో, అప్పటి వైస్రాయి కర్జన్ గల్ఫుకు నౌకాదళంతో వెళ్లి షార్జా తీరాన షేకులకు దర్బారు జరిపాడు. దేశీయ సంస్థానాధీశులకు జరిపే తంతు, ఓడ మీదికి మారింది. ఏడెన్ దగ్గర మన రెండూళ్ల ఏర్పాటే కనిపిస్తుంది. 1839లో పట్టుకున్న రేవు తిరువళ్లూరు లాగా నేరుగా బొంబాయి ఏలుబడిలోకి వచ్చింది. దాని చుట్టూ ఉన్న లహజ్ వంటి సుల్తానులు తిరుత్తణి జమీందారుల్లాగా గద్దెలతో మిగిలారు. ఒక్క తేడా, ఇక్కడ జమీందారు పేష్కషు కట్టాడు, అక్కడ సుల్తానుకే భత్యం అందింది.

ఆర్కాటు కంటే హైదరాబాదే దగ్గరి నమూనా అనేవాళ్లున్నారు. సంస్థానం మిగిలింది, రెసిడెంటు కూర్చున్నాడు, గల్ఫులో జరిగిందీ అదే. ఈ అభ్యంతరంలో బలముంది. పైగా హైదరాబాదుకు అరేబియాతో రక్తసంబంధమే ఉంది. హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం అరబ్బు సేనలో జమేదారైన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ కొడుకులు, ఇక్కడి సొమ్ముతో అక్కడ కోటలు, ఊళ్లు సంపాదించారు. 1858లో షిబామ్, ఆ తర్వాత షిహ్ర్, 1881లో ముకల్లా. వాళ్ల ప్రత్యర్థి, కతీరీ వంశపు ఘాలిబ్ బిన్ ముహ్సిన్ కూడా హైదరాబాదు జమేదారే కావడంతో, హద్రమౌత్ యుద్ధాల పంచాయతీ నిజాం దివాను సాలార్‌జంగ్ దాకా వచ్చేది. 1888లో ఖుఐతీలు బ్రిటిషు రక్షణలో చేరారు, 1902లో సుల్తాను బిరుదు దక్కింది. 1936లో ముకల్లా గద్దెనెక్కిన సాలిహ్ బిన్ ఘాలిబ్‌ను హైదరాబాదు సైఫ్ నవాజ్ జంగ్‌గా ఎరుగును. చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్ ఆనాటి అరబ్బు సేనల బారకుల నుంచి వచ్చిందే. అయినా షరతు వరసలో హైదరాబాదు రెండోది. ముందుగా తెలియజేసి సంప్రదించకుండా ఎవరితోనూ మంతనాలాడనని నిజాం 1800 ఒడంబడికలో రాసిచ్చేనాటికి, ఆర్కాటు ఎనిమిదేళ్లుగా అంతకంటే గట్టి షరతు కింద ఉంది.

ఇంకా గట్టి అభ్యంతరం మరొకటి. ఆర్కాటు రాజ్యం అంతరించింది, గల్ఫు షేకుల రాజ్యాలు నేడు ఐక్యరాజ్యసమితిలో కూర్చున్నాయి. విత్తనం ఒకటే అయితే పంట వేరెలా అయింది? జవాబు శిస్తులో ఉంది. ఆర్కాటు సీమలో వరి పండే నేల ఉంది, నవాబు మీద దొరల అప్పులున్నాయి, సైన్యం ఖర్చు అతని ఖాతాలో పడేది. రక్షణ బాకీ అయింది, బాకీ రాజ్యాన్ని తినేసింది. గల్ఫులో ముత్యాలు, ఖర్జూరం తప్ప ఏముంది? కాపలా సముద్రం మీది ఓడలది, దాని ఖర్చు షేకుల నెత్తిన పడలేదు. రాజ్యాన్ని కలుపుకుంటే మిగిలేది ఖర్చే. అందుకే పాలన జోలికి పోకుండా కరారు కాగితం చాలనుకున్నారు. వసూలుకు అర్థం ఉన్నచోట మాత్రం పాత అలవాటు బయటపడింది. 1880 నాటి సంతకందారు, బహ్రెయిన్ షేక్ ఈసాను 1923 మే నెలలో బుషేర్ రెసిడెంటు పాలన నుంచి తప్పించి కొడుకు హమద్‌కు అప్పగించాడు. కస్టమ్సు లెక్కల్ని సరిదిద్దారు. 1926లో బెల్‌గ్రేవ్ అనే ఇంగ్లీషువాడు సలహాదారుగా వచ్చాడు. అలీ హుసేన్ కథ తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. బహ్రెయిన్‌లో చమురు పడింది ఆ తర్వాతే, 1932లో. అప్పటికి దేశాలను కలుపుకునే రోజులు దాటిపోయాయి.

ఈ ఏర్పాటు భారతదేశం చేతి నుంచి విడిపోవడానికి చాలాకాలం పట్టింది. ఏడెన్ 1937లో వేరైంది, గల్ఫు రెసిడెన్సీ 1947 ఏప్రిల్‌లో విదేశాంగశాఖకు పోయింది, రూపాయి మాత్రం దుబాయిలో 1966 దాకా చెల్లింది. మద్రాసు జమీలను 1948 చట్టం రద్దు చేసింది. దుబాయి, అబూధాబి షేకుల పాత కరారులు 1971 డిసెంబరు 1న ముగిశాయి. అదే నెలలో 26వ రాజ్యాంగ సవరణ భారత సంస్థానాధీశుల రాజభరణాలను ఎత్తేసింది. ఆర్కాటు వారసులకు మాత్రం అది తగల్లేదు. 1855లోనే నవాబు బిరుదు రద్దయి, తర్వాత ఆర్కాటు ప్రిన్స్‌గా పింఛనుదారు అయిన ఆ వంశం, 1947 నాటికి సంస్థానాధీశుల జాబితాలోనే లేదు.