చమురు బావి దగ్గర పుట్టిన కంప్యూటర్ నౌకరీ

గల్ఫ్ అనే మాట మన ఇళ్లల్లో ఎన్నో ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. ముందు వెళ్లినవాళ్లు తాపీ పనికి, డ్రైవింగ్‌కి వెళ్లారు. తర్వాతివాళ్లు వెల్డర్లుగా, ఏసీ మెకానిక్‌లుగా వెళ్లారు. ఇప్పుడు బీటెక్ చేసిన మన పిల్లలు "ఆయిల్ కంపెనీలో ఐటీ నౌకరీ దొరుకుతుందా?" అని అడుగుతున్నారు. ఈ సవాల్‌కి జవాబు ఏజెంట్ ఆఫీసులో కంటే తారీఖ్‌లోనే ఎక్కువ దొరుకుతుందని నా ఖయాల్. అందుకే ఈ నాలుగు మాటలు.

1933 మే నెలలో సౌదీ హుకూమత్ ఒక అమెరికన్ కంపెనీకి చమురు వెతుక్కునే ఇజాజత్ ఇచ్చింది. అప్పటికి ఆ సహారాకి సరైన నక్షా లేదు. మాక్స్ స్టైనెకీ అనే జియాలజిస్ట్‌కి దారి చూపించింది ఖమీస్ బిన్ రిమ్‌సాన్ అనే బద్దూ. ఇసుక దిబ్బలు, నీటి బావులు, రాతి నేలలు అన్నీ ఆయన యాద్‌లో ఉండేవి. దమ్మామ్‌లో తవ్విన మొదటి ఆరు బావులు ఆశించినంత ఇవ్వలేదు. 1938 మార్చిలో ఏడో నంబరు బావి పొంగింది. ఆ తర్వాత సౌదీ నసీబే మారిపోయింది. ఖమీస్ పేరు మీద ఈ రోజుకీ అక్కడ ఒక చమురు క్షేత్రం ఉంది. నా దృష్టిలో ఆ కంపెనీకి మొదటి డేటాబేస్ ఆయన దిమాగే.

అయితే నేల పైన ఉన్నది మనిషికి తెలుస్తుంది, నేల కింద ఉన్నది ఎలా తెలుస్తుంది? చిన్న బారూద్ పేలుడు పెడతారు. ఆ కదలిక భూమిలోకి దిగి, రాతి పొరలకి తగిలి తిరిగొస్తుంది. పైన వరసగా పెట్టిన పరికరాలు దాన్ని పట్టుకుంటాయి. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో లెక్క కడితే ఏ పొర ఎంత లోతులో ఉందో అందాజా వస్తుంది. దీన్నే సైస్మిక్ సర్వే అంటారు.

ఈ పని కోసమే 1930లో అమెరికాలో జియోఫిజికల్ సర్వీస్ అనే కంపెనీ పెట్టారు. 1951లో దాని పేరు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అయింది. 1958లో అదే కంపెనీలో జాక్ కిల్బీ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ తయారుచేశాడు. 2000లో ఆయనకి నోబెల్ వచ్చింది. మన జేబులో ఫోన్‌ని నడిపించే చిప్‌కి పుట్టిల్లు చమురు వెతికిన కంపెనీ అన్నమాట! కంప్యూటర్ ఈ ఇండస్ట్రీకి మెహ్మాన్‌గా రాలేదు, ఈ ఖాందాన్‌లోనే పెరిగింది.

ఇక గవార్ సంగతి. సుమారు 280 కిలోమీటర్ల పొడవున్న ఈ క్షేత్రం దునియాలోనే పెద్దది. కింద చమురు చెరువులా నిలిచి ఉండదు, రాతి సందుల్లో ఇమిడి ఉంటుంది. ఒకచోట తోడితే ఇంకోచోట ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు ముందుకొస్తాయి. అందుకే ఆ రాతి నేలని కంప్యూటర్‌లో చిన్న చిన్న గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలో చమురెంత, నీరెంత అని లెక్క కడతారు. అరాంకో ఇంజినీర్లు ఇందుకోసం సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. 2010 నాటికి వంద కోట్ల గదులు, 2016 నాటికి లక్ష కోట్ల గదులు లెక్కించే స్థాయికి చేరారు. 2021 జనవరిలో ఒక సూపర్ కంప్యూటర్‌ని ప్రకటించి, దానికి ఆ పాత బావి పేరే పెట్టుకున్నారు: దమ్మామ్-7.

ఈ తారీఖ్‌లో ఖౌఫ్ పుట్టించే పేజీ కూడా ఉంది. 2012 ఆగస్టు 15. అక్కడ రంజాన్ 27వ రోజు. సిబ్బందిలో చాలామంది ఛుట్టీలో ఉన్నారు. షమూన్ అనే వైరస్ అరాంకోలో సుమారు 30,000 కంప్యూటర్లని తుడిచిపెట్టేసింది. చమురు తోడే వ్యవస్థ ఆఫీసు నెట్‌వర్క్‌కి విడిగా ఉండటం వల్ల ఉత్పత్తి ఆగలేదు. 2017లో సౌదీలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటు మీద జరిగిన దాడి ఇంకా ఖతర్‌నాక్. ఈసారి వైరస్ వెళ్లింది జాన్ కాపాడే సేఫ్టీ సిస్టమ్‌లోకే. ప్లాంటు తనంతట తాను ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. ఆగకుండా ఉంటే? అక్కడ పనిచేసే మన చాచాలు, భాయ్‌జాన్‌ల పక్కనే గ్యాస్ పైపులున్నాయని మరచిపోకండి. ఈ నౌకరీలో తప్పు జరిగితే పోయేది ఫైలు ఒక్కటే కాదు.

ఇప్పుడు మన పిల్లల సంగతి. ఈ రంగంలో ఒట్టి కోడింగ్ వస్తే చాలదు. సైస్మిక్ లెక్కలకి గణితం, భూగర్భశాస్త్రం కావాలి. రిఫైనరీ కంట్రోల్ రూమ్‌కి పీఎల్‌సీ, స్కాడా తెలియాలి. స్టోర్సు, మెయింటెనెన్స్ చూసే శాప్ పనికి వాల్వు ఏదో, పంపు ఏదో తెలియాలి. మన ఇళ్లల్లో ప్లాంటు షట్‌డౌన్ పనులు చేసొచ్చిన పెద్దలున్నారు. వాళ్ల తజుర్బా కూర్చుని వినడం కూడా తాలీమే.

ఇంకో హకీకత్ కూడా చెప్పాలి. 2011లో సౌదీలో నితాఖాత్ వచ్చింది, తమ పౌరులకి ఉద్యోగాలివ్వాలని కంపెనీలకి నిబంధన పెట్టారు. ధహ్రాన్‌లో 1963 నుంచే పెట్రోలియం కాలేజీ పెట్టి వాళ్ల పిల్లల్ని వాళ్లు తయారుచేసుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. కాబట్టి అందరికీ వచ్చిన పని ఒక్కటే చేతిలో పెట్టుకుని వెళ్తే దర్వాజా తెరుచుకోవడం ముష్కిల్. పైగా ఈ హునర్‌కి సముద్రం దాటే తీరాలని లేదు. మన రాజమండ్రి, కాకినాడ వైపు కృష్ణా గోదావరి బేసిన్‌లోనూ చమురు, గ్యాస్ తీస్తున్నారు.

అమ్మీలకి, అబ్బాలకి నా గుజారిష్ ఒక్కటే. "ఆయిల్ కంపెనీ ఐటీ వీసా" అని ఎవరైనా లక్షలు అడిగితే జేవర్ తాకట్టు పెట్టే ముందు మూడు సంగతులు కనుక్కోండి. పని ఏమిటి? ఏ మెషీన్ మీద? కాగితం మీద జీతం ఇచ్చేది ఏ కంపెనీ? జవాబు సాఫ్‌గా రాకపోతే ఆ డబ్బు పిల్లాడి చదువుకి పెట్టండి.