పోయిన సుత్తి, దొరికిన నిధి

భూమిలో దాగిన ధనమును గూర్చిన కథలు వినని తెలుగు పల్లె లేదు. పాడుపడిన కోటగోడ క్రింద లంకెబిందెలున్నవనియు, వాటిని పాము కాచుచున్నదనియు, అంజనము వేయించినచో ఆ చోటు కంటికి కనబడుననియు పెద్దలు చెప్పగా పిల్లలు కన్నులప్పగించి వినుచుండెడివారు. అంజనముతో ధనము దొరికినవాని పేరు చెప్పుమన్నచో మాత్రము, అది ఎప్పుడును పొరుగూరివాని పేరే!

అంజనము చేయలేని పనిని ఈనాడొక యంత్రము కొంతవరకు చేయుచున్నది. దానిని లోహశోధకమని అనవచ్చును. వాడుకలో మెటల్ డిటెక్టరు. అంజనము కంటికి చూపుననిరి. ఈ యంత్రము చెవికి వినిపించును. రేడియో ఇంటనున్నవారికి దీనితో దూరపు చుట్టరికము కలదు. దీని చరిత్రలో ముందుగా వినవచ్చునవి టెలిఫోను, రేడియోల నిర్మాతల పేర్లే.

ఒక తీగచుట్టలో విద్యుత్ప్రవాహము మారుచున్నపుడు, దానికి తగులకయే సమీపమందున్న వేరొక తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని మైకేల్ ఫారడే 1831లో కనుగొనెను. ఈ సూత్రమే లోహశోధకమునకు మూలము. రెండవ చుట్టలో ఏమియు వినరాకుండునట్లు చుట్టలను త్రాసు తక్కెడలవలె సరితూచి యుంచుదురు. ఇంతలో ఒక లోహపు ముక్క దగ్గరకు వచ్చెననుకొందము. దానిలో సుడులు తిరుగు చిన్న ప్రవాహములు పుట్టును. వాని అయస్కాంత ప్రభావముచే ఆ తూకము చెడును. అంతవరకు మౌనముగా నున్న చుట్ట పలుకును.

ఈ సూత్రము ఒక ప్రాణమును కాపాడుటకై వినియోగింపబడిన ఘట్టము మిక్కిలి ప్రసిద్ధమైనది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డును ఒకడు వాషింగ్టన్ రైల్వేస్టేషనులో తుపాకితో కాల్చెను. ఒక గుండు చేతిని రాచుకొని పోయెను; రెండవది వీపున దూరి లోపలనే నిలిచిపోయెను. ఎక్స్‌రే కిరణములు బయల్పడుటకు ఇంకను 14 సంవత్సరముల వ్యవధి యున్నది. వైద్యులు వ్రేళ్లతోను సలాకలతోను గాయమును కెలకి వెదకుచుండిరి. అప్పుడు టెలిఫోను నిర్మాతయైన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ముందుకు వచ్చెను. డేవిడ్ హ్యూస్ 1879లో చూపిన తీగచుట్టల తులనయంత్రమును మెరుగుపరచి, దానికి టెలిఫోనును తగిలించి, జూలై 26న ఒకసారియు, ఆగస్టు 1న మరియొకసారియు రోగి శరీరముపై త్రిప్పి చూచెను. ధ్వని వినబడెను గాని, అది ఏ ఒక్క చోటనో నిలువలేదు. పరుపులోని ఉక్కు తీగలు యంత్రమును తికమక పెట్టెను. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. గుండు కుడివైపుననే యున్నదని ప్రధాన వైద్యుడు నిశ్చయించుకొని, ఆ వైపు మాత్రమే వెదకనిచ్చెను. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించెను. శవపరీక్షలో గుండు వెన్నెముకకు ఎడమవైపున కనబడినది. యంత్రమును ఎచ్చట ఆనించవలెనో నిర్ణయించువాడు మనుష్యుడే. అతని పొరపాటును దిద్దు శక్తి యంత్రమునకు లేదు.

ఇరువదవ శతాబ్దిలో ఈ విద్య రేడియోవారి చేతికి వచ్చినది. గెర్హార్డ్ ఫిషర్ అను జర్మను ఇంజనీరు అమెరికాకు వలసపోయి, విమానములకు దిక్కు తెలుపు రేడియో సాధనములపై పనిచేయుచుండెను. నేలలో లోహఖనిజములున్న తావుల సమీపమున ఆ సాధనములు దిక్కును తప్పుగా చూపుచుండెను. ఇతరులకు దోషమైనది ఇతనికి ఉపాయమైనది. చేత మోసికొనిపోదగిన లోహశోధకమును నిర్మించి, 1937లో దానికి పేటెంటు పొందెను.

పిదప యుద్ధము వచ్చెను. స్వదేశమును కోల్పోయి స్కాట్లండులో తలదాచుకొన్న పోలిషు సేనలో యూజెఫ్ కొసాట్స్కి అను అధికారి యుండెను. ఇసుకలో పాతిపెట్టిన మందుపాతరలను కనుగొను యంత్రము నాతడు 1941 ప్రాంతమున రూపొందించి, పేటెంటు కోరక బ్రిటిషు సేనకు ఒసగెను. 1942 అక్టోబరులో ఈజిప్టునందలి ఎల్ అలమేన్ యుద్ధమునకు ముందుగా 500 యంత్రములు అచ్చటికి చేరెను. యంత్రమును పట్టి ముందు నడచిన సైనికుడు వినుచుండినది నిధికొరకు కాదు; వెనుక వచ్చువారి ప్రాణములకొరకు.

యుద్ధానంతరము ఈ యంత్రములు క్రమముగా సామాన్యుల చేతికి వచ్చినవి. ట్రాన్సిస్టరు వచ్చి బరువును తగ్గించినది. వాడువిధానము వినుటకు సులభమే. కఱ్ఱ కొసనున్న పళ్లెమువంటి తీగచుట్టను నేలకు సమాంతరముగా, నేలను దాదాపు ఆనుచున్నట్లుంచి, ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు నిదానముగా త్రిప్పవలెను. ఒక త్రిప్పుడు అంచును తరువాతి త్రిప్పుడు కప్పుచు పోవలెను. లేనిచో నడుమ పట్టీలు మిగిలిపోవును. ధ్వని వినబడిన చోట అడ్డముగా మరల త్రిప్పవలెను. రెండు గీతలు కలిసిన చోటనే వస్తువుండును. చిన్న నాణెము జానెడు లోతున నున్నచో వినబడవచ్చును. అంతకు మించినచో కష్టము. ఇనుము కలిసిన ఎఱ్ఱనేలలు లేని వస్తువును ఉన్నట్లు పలికించును. అల్యూమినియము రేకు ధ్వనియు, బంగారు ఉంగరపు ధ్వనియు ఒకటిగనే తోచు సందర్భములు కలవు. ఇన్ని తెలిసినవాడును మేకులు, సీసామూతలు త్రవ్వి త్రవ్వి అలసిపోవుట సామాన్యము.

అట్టి యంత్రమొకటి ఇంగ్లండునకు తూర్పుననున్న సఫొక్ ప్రాంతములో, హాక్సన్ అను పల్లెలో ఒక వృద్ధుని చేతికి వచ్చినది. అతడు తోటపని చేసి విశ్రాంతి తీసికొనినవాడు. ఆ సందర్భముననే యంత్రము కానుకగా లభించినది. అతని మిత్రుడైన రైతు పొలములో తన సుత్తిని పోగొట్టుకొనెను. 1992 నవంబరు 16న దానిని వెదకిపెట్టుటకై ఈ వృద్ధుడు యంత్రముతో పొలమున ప్రవేశించెను. యంత్రము గట్టిగా పలికినది. త్రవ్వగా సుత్తికి మారుగా వెండి చెంచాలు, బంగారు ఆభరణములు, నాణెములు బయటపడినవి. రెండు సంచులు నిండినవి. ఇంకను గోతిలో మెరయుచునే యున్నవి.

ఆ ఘడియలో ఎవరైనను ఏమి చేసెదరు? చీకటి పడులోగా అడుగువరకు తోడెదరు. ఆ మిత్రులు అట్లు చేయలేదు. త్రవ్వుట మాని, ఆ భూమికి యజమానియైన కౌంటీ కౌన్సిలుకును, పోలీసులకును వర్తమానమంపిరి. మరునాడే పురావస్తు శాఖవారు వచ్చి, మిగిలిన భాగమును పద్ధతి ప్రకారము త్రవ్వి వెలికి తీసిరి. 14,865 నాణెములు కాక ఆభరణములు, వెండి పాత్రలు, చెంచాలు అన్నియు కలిపి సుమారు 200 లభించినవి.

వృద్ధుడు ఆగుటవలన లోకమునకు కలిగిన లాభమేమి? వస్తువులు ఎట్లును దొరికెడివే గదా అని అనవచ్చును. ఆ నిధిని ఒక ఓకు కఱ్ఱ పెట్టెలో అమర్చి పాతిపెట్టిరి. కఱ్ఱ చాలవరకు మట్టిలో కలిసిపోయినను, మిగిలిన జాడలనుబట్టి పెట్టె పరిమాణము తెలిసినది. లోపల చిన్న పెట్టెలును, వాటికి చిటికెన వ్రేలంతటి వెండి తాళపుకప్పలును ఉండెను. పాత్రలు ఒకదానిలో ఒకటి పేర్చియుండెను. అనగా ఇది దొంగలు తొందరలో పాతిన మూట కాదు; ఒక సంపన్న కుటుంబము మరల వచ్చి తీసికొందమను ఆశతో శ్రద్ధగా సర్దుకొనిన సొత్తు. ఒక కంకణముపై జూలియాన అను ఇల్లాలి పేరు చెక్కబడియున్నది. చివరి నాణెములు క్రీ. శ. 407–408 నాటివి. సుమారు 410 నాటికి బ్రిటనులో రోమను పాలన అంతరించినది. ఆ కుటుంబము తిరిగి రాలేదు. పలుగుతో తోడిపోసియున్నచో వెండి మిగిలెడిది. ఆ కుటుంబపు కథ పోయెడిది.

ఆ పాత్రలలో మనకు సంబంధించినవి నాలుగు కలవు. అవి మిరియపు పొడి చల్లుకొను చిన్న డబ్బాలు. ఒకటి సగము విగ్రహముగా మలచిన స్త్రీమూర్తి. దాని అడుగుననున్న బిళ్లను త్రిప్పినచో మిరియములు నింపుకొనుటకు ఒక రీతిగను, చల్లుకొనుటకు ఒక రీతిగను, మూసియుంచుటకు ఒక రీతిగను అమరును. మిరియమును లాటినులో పిపెర్ అందురు. ఆ మాట మన పిప్పలినుండి గ్రీకుల నోట పడి పోయినది. మలబారు తీరమున ఓడనెక్కిన సరకు సామ్రాజ్యపు చిట్టచివర నొక ఇంట భోజనపు బల్ల చేరినది. దానికి మూల్యముగా రోము బంగారము మన దేశమునకు వచ్చుచుండెను; మన నాగార్జునకొండ త్రవ్వకములలోను రోమను బంగారు నాణెములు లభించినవి.

దీనికి విరుద్ధమైన కథయు ఆ దేశముననే జరిగినది. సర్రే ప్రాంతమున వాన్‌బరో అను చోట రోమను కాలపు దేవాలయపు శిథిలములున్నవి. 1980 తరువాతి సంవత్సరములలో ఆ సంగతి తెలిసి, రాత్రివేళ యంత్రములతో వచ్చినవారు పొలమును గోతులమయము చేసి వేలకొలది నాణెములను తరలించుకొని పోయిరి. ఆ నాణెములు ఏ పొరలో, ఏ మూల, దేని సరసన నుండెనో చెప్పగలవా రెవరును లేరు. నాటి చట్టము దొంగలను గట్టిగా పట్టలేకపోయినది. తరువాత 1996లో నిధులను గూర్చి క్రొత్త శాసనము వచ్చినది. దాని ప్రకారము నిధి దొరికినవాడు 14 దినములలో అధికారులకు తెలుపవలెను.

మన దేశమున ఇట్టి శాసనము 1878లోనే వచ్చినది. నేలలో దాగి, పది రూపాయలకు మించిన విలువ గల ధనము దొరికినచో, అది యేమో, ఎచ్చట, ఎన్నడు దొరికెనో వ్రాసి కలెక్టరుకు తెలుపవలెనని అది విధించినది. తెలిపినవానికి నష్టము లేదు. హక్కుదారు లెవరును లేరని తేలినపుడు, వేరు ఒప్పందము లేనిచో, నాలుగింట మూడు పాళ్లు దొరికినవానికి, ఒక పాలు భూస్వామికి చెందును. ప్రభుత్వము తీసికొనదలచినచో లోహపు విలువకు అయిదవ వంతు కలిపి యిచ్చును. దాచినవాడు తన పాలు కోల్పోవుటయే గాక, సంవత్సరమువరకు కారాగారమునకు పోవలసివచ్చును.

ఇంతటి శాసనముండియు, పాడుపడిన గుడిలో గర్భాలయపు పీఠమును పెకలించిరనియు, నంది కడుపులో వజ్రములున్నవని పగులగొట్టిరనియు వార్తలు చదువుచునే యున్నాము. పూర్వము వెంట మంత్రగాడుండెడివాడు. ఇపుడు యంత్రమును చేరినది. దొరకునది తరచు శూన్యమే. పోవునది మాత్రము ఒక గ్రామపు చరిత్ర. ఆ రాతిపై శాసనముండినచో, ఆ ఊరికి చెరువు త్రవ్వించినవారెవరో, గుడికి భూమి నిచ్చినవారెవరో తెలిసెడిది. పగిలిన రాయి ఆ సంగతి చెప్పలేదు.

కావున దున్నునపుడు నాగటికి గాని, పునాది తీయునపుడు పలుగునకు గాని ఏదేని తగిలినచో, చేయి నిలుపుటయే మొదటి పని. చుట్టునున్న మట్టిని కదపక కబురు పంపుట రెండవ పని. హాక్సన్ వృద్ధుడు చేసినది ఇంతమాత్రమే. అతనికి 1993లో పదునేడున్నర లక్షల పౌనులు బహుమానముగా నిర్ణయింపబడెను. అతడు దానిని రైతు మిత్రునితో పంచుకొనెను. నిధి లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు చేరినది.

ఇక సుత్తి సంగతి. అదియు దొరికినది. పిడి అరిగిన ఆ పనిముట్టును కూడ మ్యూజియమునకే ఇచ్చివేసిరి. పదునారు వందల ఏండ్లనాటి బంగారముతో అది ఇపుడు ఒకే కప్పు క్రింద నున్నది.