తొలి పిలుపు, తొందరగా అరిగే కాళ్లు

1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల యజమానులు కూర్చుని, కాలేజీ చదువు ముగిస్తున్న ఆటగాళ్లను వంతులవారీగా పంచుకున్నారు. వాళ్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అదే మొదటి డ్రాఫ్ట్. ఐపీఎల్ వేలంలో పాట ఎక్కువ పాడినవాళ్లకు ఆటగాడు దక్కుతాడు. డ్రాఫ్ట్‌లో పాట ఉండదు, వంతే ఉంటుంది. కిందటి సీజన్లో అట్టడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు. పేరున్న కుర్రాళ్లంతా షికాగో బేర్స్, న్యూయార్క్ జెయింట్స్ వంటి బలమైన జట్లకే పోతుంటే తన ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఎప్పటికీ లేవదని గ్రహించి బర్ట్ బెల్ ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. 1935లో అడుగున నిలిచింది ఆయన జట్టే కాబట్టి మొదటి వంతూ ఆయనకే వచ్చింది. ఆయన షికాగో విశ్వవిద్యాలయం హాఫ్‌బ్యాక్ జే బర్వాంగర్‌ను ఎంచుకున్నాడు. అలా డ్రాఫ్ట్ చరిత్ర బంతి పట్టి పరుగెత్తేవాడి పేరుతోనే మొదలైంది. కానీ జీతం దగ్గర బేరం కుదరలేదు. అతని హక్కులు తీసుకున్న బేర్స్‌తోనూ కుదరలేదు. బర్వాంగర్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు.

పరుగెత్తేవాడికి, అంటే రన్నింగ్ బ్యాక్‌కు, తొలి పిక్‌లలో, అంటే తొలి ఎంపికల్లో, చోటివ్వడం దండగా కాదా అన్న వాదం ఇప్పటికీ డ్రాఫ్ట్ జరిగే ప్రతి ఏప్రిల్‌లోనూ రేగుతుంది. పరుగుకు కాలం చెల్లిందని ఒక పక్షం అంటుంది. గొప్ప ఆటగాడు ఎక్కడున్నా గొప్పవాడేనని రెండో పక్షం అంటుంది. డ్రాఫ్ట్ చరిత్రను వరుసగా చదివితే రెండూ సగం నిజాలేనని తేలుతుంది. రన్నింగ్ బ్యాక్ పనికిరానివాడు కాడు. ముందే బలంగా ఉన్న జట్టులో అతను చేసే మేలు చాలా పెద్దది. అయితే బర్ట్ బెల్ పెట్టిన నియమం ప్రకారం తొలి వంతులు వెళ్లేది బలహీన జట్లకు. పరుగెత్తేవాడి అవసరం ఎవరికి ఎక్కువో వాళ్లకు వంతు ఆలస్యంగా వస్తుంది, వంతు ముందుగా వచ్చేవాళ్లకు అతన్ని వాడుకునే స్తోమత ఉండదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

పరుగుదే రాజ్యంగా ఉన్న రోజుల్లో కూడా ఈ చిక్కు ఉంది. 1977 డ్రాఫ్ట్‌లో మొదటి రెండు పిక్‌లూ రన్నింగ్ బ్యాక్‌లే. అంతకుముందు ఏడాది పద్నాలుగు ఆటలూ ఓడిన టాంపా బే మొదటి వంతులో రికీ బెల్‌ను తీసుకుంది. రెండో వంతు నిజానికి సియాటిల్‌ది. డాలస్ బేరమాడి దాన్ని కొనుక్కుని టోనీ డోర్సెట్‌ను తెచ్చుకుంది. డాలస్‌కు అప్పటికే పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా రోజర్ స్టాబాక్ వంటివాడు ఉన్నాడు, గట్టి రక్షణ వరుస ఉంది. డోర్సెట్ తొలి ఏడే వెయ్యి గజాలు దాటాడు, ఆ సీజన్లోనే డాలస్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. టాంపాలో బెల్‌కు దారి తీసేవాళ్లు లేరు. జట్టు ఆ ఏడు రెండే ఆటలు గెలిచింది, బెల్ పరుగు 436 గజాల దగ్గర ఆగింది. రెండేళ్ల తర్వాత జట్టు కుదుటపడ్డాక అదే బెల్ 1,263 గజాలు పరుగెత్తాడు, టాంపా ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా వెళ్లింది. మనిషిలో లోపం లేదు, అతన్ని దించిన వేళ సరైంది కాదు. 1969లో మొదటి పిక్‌గా బఫలో చేరిన ఓ.జె. సింప్సన్ కథా ఇలాంటిదే. 1973లో ఒక్క సీజన్లో 2,003 గజాలు పరుగెత్తి చరిత్ర సృష్టించినా, ఆ జట్టుతో ఉన్న కాలమంతటిలో అతను ఆడిన ప్లేఆఫ్ ఆట ఒక్కటే.

1978లో ఆటే మారింది. పాసు అందుకునే రిసీవర్‌ను అయిదు గజాలు దాటాక డిఫెండర్ అడ్డుకోకూడదన్నారు. క్వార్టర్‌బ్యాక్‌ను కాచే లైన్‌మెన్ చేతులు చాచి, అరచేతులు తెరిచి ఎదుటివాణ్ణి నిలువరించవచ్చన్నారు. పాయింట్లు పెంచి ప్రేక్షకులను రప్పించడానికి చేసిన ఈ మార్పులతో పాసు సులువైంది. పరుగు మాత్రం ఉన్నచోటే ఉంది. నేటి లెక్కలో ఒక పరుగుకు సగటున నాలుగు గజాల పైచిలుకు వస్తే, ఒక పాసుకు ఆరు గజాలు దాటుతాయి. అయినా యాజమాన్యాల అలవాటు వెంటనే మారలేదు. 1977 నుంచి 1981 వరకు అయిదు డ్రాఫ్ట్‌లలో నాలుగింట మొదటి పిక్ రన్నింగ్ బ్యాకే. 1986లో బో జాక్సన్, 1995లో కి-జానా కార్టర్ ఆ వరుసలో చివరివాళ్లు. 1995 తర్వాత ఆ గౌరవం ఏ రన్నింగ్ బ్యాక్‌కూ దక్కలేదు.

ఆ 1995 డ్రాఫ్ట్‌ను కాస్త దగ్గరగా చూడాలి. సిన్సినాటి మొదటి పిక్‌గా తీసుకున్న కార్టర్ సీజన్ మొదలుకాకముందే, తొలి సన్నాహక ఆటలో మూడోసారి బంతి అందుకున్నప్పుడు మోకాలి లిగమెంట్ తెగి కూలిపోయాడు. ఆ తర్వాత కెరీర్ అంతా కలిపి అతని పరుగు 1,144 గజాలు. అదే డ్రాఫ్ట్ ఆరో రౌండ్లో, 195 మంది పేర్లు పిలిచాక, డెన్వర్ టెరెల్ డేవిస్‌ను తీసుకుంది. 1998లో డేవిస్ 2,008 గజాలు పరుగెత్తాడు, డెన్వర్ వరసగా రెండు సూపర్ బౌల్‌లు గెలిచింది. డేవిస్ అసామాన్యుడే. కానీ అతని వెనుక కోచ్ మైక్ షానహన్, లైన్ కోచ్ అలెక్స్ గిబ్స్ నడిపిన ఒక పద్ధతి ఉంది. బంతి కదలగానే అయిదుగురు లైన్‌మెన్ ఒకే దిక్కుకు, ఒకే అడుగుతో జరుగుతారు. ఎదుటి వరుస కూడా వాళ్లతోపాటు పక్కకు జరగక తప్పదు. పరుగెత్తేవాడు ఆ కదలికకు సమాంతరంగా సాగుతూ, వరుసలో సందు కనబడగానే ఒక కాలు బలంగా నేలకు తన్ని నిటారుగా లోపలికి దూసుకుపోతాడు. ఒక్కటే మలుపు. రెండోసారి ఆలోచించకూడదు. 1999లో డేవిస్ మోకాలు దెబ్బతింటే నాలుగో రౌండ్ కుర్రాడు ఒలాండిస్ గ్యారీ 1,159 గజాలు పరుగెత్తాడు. మరుసటేడు ఆరో రౌండ్ మైక్ ఆండర్సన్ తొలి సీజన్లోనే 1,487 గజాలు చేశాడు. 2004లో డెన్వర్ తన మేటి పరుగుగాడు క్లింటన్ పోర్టిస్‌ను వాషింగ్టన్‌కు ఇచ్చి, బదులుగా చాంప్ బెయిలీ అనే, రిసీవర్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌నూ, పైన ఒక రెండో రౌండ్ పిక్‌నూ పుచ్చుకుంది. పరుగెత్తేవాణ్ణి తయారు చేసుకోగల జట్టుకు అతన్ని కొనాల్సిన పని లేదని ఆ బేరం చాటింది.

సరిగ్గా అదే కాలంలో న్యూ ఓర్లీన్స్ దీనికి వ్యతిరేక దిశలో నడిచింది. 1999లో కోచ్ మైక్ డిట్కా రికీ విలియమ్స్ అనే ఒక్క రన్నింగ్ బ్యాక్ కోసం ఆ ఏటి పిక్‌లన్నీ, మరుసటేటి మొదటి, మూడో రౌండ్ పిక్‌లతో సహా వాషింగ్టన్‌కు ధారపోశాడు. జట్టులో మిగతా లోటుపాట్లు పూడ్చుకునే దారులన్నీ దాంతో మూసుకుపోయాయి. ఆ సీజన్లో గెలిచినవి మూడు ఆటలు, ఓడినవి పదమూడు. డిట్కా ఉద్యోగం పోయింది.

2011లో యాజమాన్యాలకూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం ఈ లెక్కకు డబ్బు కోణం చేర్చింది. అప్పటి నుంచి కొత్త ఆటగాడి జీతం అతను ఆడే స్థానాన్ని బట్టి కాక, ఎన్నో వంతులో ఎంపికయ్యాడన్నదాన్ని బట్టి వస్తోంది. 2018లో రెండో పిక్‌గా జెయింట్స్ తీసుకున్న సేక్వాన్ బార్క్‌లీకి నాలుగేళ్లకు 3.12 కోట్ల డాలర్లు ముట్టాయి. ఆ వంతులో ఎవరు వచ్చినా దాదాపు అంతే ఇవ్వాలి. 2023లో ఒక జట్టు తన ఆటగాణ్ణి ఏడాదిపాటు వదలకుండా ఉంచుకోవడానికి కట్టాల్సిన మొత్తం క్వార్టర్‌బ్యాక్‌కు 3.24 కోట్లు, రిసీవర్‌కు 1.97 కోట్లు, రన్నింగ్ బ్యాక్‌కు 1.01 కోట్లు. రెండో వంతులో క్వార్టర్‌బ్యాక్ దొరికితే జట్టుకు నాలుగేళ్లపాటు పెద్ద మొత్తం మిగులుతుంది. రన్నింగ్ బ్యాక్‌ను తీసుకుంటే మిగిలేది స్వల్పం. ఈ లెక్క అర్థమవుతున్న రోజుల్లోనే, 2012లో, క్లీవ్‌లాండ్ మూడో పిక్‌ను ట్రెంట్ రిచర్డ్‌సన్‌పై ఖర్చు చేసింది. అతని తొలి సీజన్ పరుగు 950 గజాలు. ఆ ఏడే ఆరో రౌండ్లో 173వ పేరుగా వాషింగ్టన్ చేరిన ఆల్ఫ్రెడ్ మోరిస్ 1,613 గజాలు పరుగెత్తాడు. అక్కడి కోచ్ మళ్లీ షానహనే. 2013 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ ముగిసేసరికి ఒక్క రన్నింగ్ బ్యాక్ పేరూ వినబడలేదు. 1963 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. 2014లోనూ, 2022లోనూ, 2024లోనూ అదే పునరావృతమైంది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. అంతా లైన్‌మెన్ చలవే అయితే, 2024లో ఫిలడెల్ఫియాలో జరిగినదానికి ఏం చెబుతారు? 2023లో ఆ లైన్ వెనుక డి'ఆండ్రే స్విఫ్ట్ 1,049 గజాలు పరుగెత్తాడు. మరుసటేడు అతని స్థానంలోకి వచ్చిన బార్క్‌లీ 2,005 గజాలు పరుగెత్తాడు. ఒక్కో పరుగు సగటు 4.6 గజాల నుంచి 5.8కి పెరిగింది. ఈగిల్స్ సూపర్ బౌల్ గెలిచింది. మనిషి మారితే ఫలితం మారింది కదా? ఈ అభ్యంతరంలో న్యాయముంది. పరుగెత్తేవాడు ఎవరైనా ఒకటేనన్న మాటను ఈ అంకెలు తోసిపుచ్చుతున్నాయి. కానీ అదే బార్క్‌లీ జెయింట్స్‌లో గడిపిన ఆరేళ్లను దీని పక్కనే పెట్టి పోల్చి చూడాలి. తొలి ఏడు పరుగులూ క్యాచులూ కలిపి 2,028 గజాలు చేసి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. జట్టు అయిదు ఆటలే గెలిచింది. 2020లో అతని మోకాలి లిగమెంట్ తెగింది. ఆరేళ్లలో జట్టు ప్లేఆఫ్‌కు చేరింది ఒక్కసారే. లైన్ బలం, పరుగెత్తేవాడి బలం ఒకదానితో ఒకటి కూడవు, హెచ్చవేతలా పనిచేస్తాయి. ఒకవైపు సున్నాకు దగ్గరగా ఉంటే రెండోవైపు ఎంత ఉన్నా వృథాయే. పైగా ఈగిల్స్ బార్క్‌లీ కోసం ఒక్క డ్రాఫ్ట్ పిక్ కూడా ఖర్చు చేయలేదు. ఒప్పందం ముగిసి బయటికొచ్చినవాణ్ణి జీతమిచ్చి తెచ్చుకుంది. ఆ లైన్‌లో అతనికి ఎడమవైపు దారి తీసిన జోర్డన్ మైలాటా కూడా 2018 డ్రాఫ్ట్‌వాడే. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడిన ఆ భారీ మనిషి అప్పటికి ఈ ఆటలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. అతన్ని తీసుకున్నది 233వ వంతులో. రెండో వంతువాడి గొప్పతనం బయటపడటానికి 233వ వంతువాడి భుజం కావలసి వచ్చింది.

ఎర్ల్ క్యాంప్‌బెల్ పేరు ఎత్తేవాళ్లూ ఉంటారు. 1978లో మొదటి పిక్‌గా హ్యూస్టన్ చేరి, వరసగా మూడేళ్లు లీగ్‌లో అందరికంటే ఎక్కువ గజాలు పరుగెత్తి, జట్టును రెండుసార్లు సూపర్ బౌల్ గుమ్మం దాకా మోసుకెళ్లాడు. రెండుసార్లూ పిట్స్‌బర్గ్ చేతిలో ఓటమే. 1980లో ఒక్క సీజన్లో 373 సార్లు బంతి మోసిన ఆ శరీరం తర్వాతి జీవితంలో చక్రాల కుర్చీ పాలైంది. ఒక్కడు జట్టును ఎంతదూరం మోయగలడో, అందుకు ఎంత మూల్యం చెల్లిస్తాడో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరైతే మొదటి రౌండ్లో రన్నింగ్ బ్యాక్‌ను ఎన్నడూ తీసుకోకూడదా? తీసుకోవచ్చు, వేళ చూసి. 2023లో డెట్రాయిట్ ఆ పని చక్కగా చేసింది. అప్పటికే టేలర్ డెకర్, ఫ్రాంక్ రాగ్నో, పెనే సూవెల్ అనే ముగ్గురు లైన్‌మెన్‌ను వేర్వేరు ఏళ్లలో మొదటి రౌండ్లో తెచ్చుకుని నిలబెట్టుకుంది. క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ ఉన్నాడు. చేతిలో ఉన్న ఆరో వంతును అరిజోనాకు ఇచ్చి, పన్నెండో వంతుకు దిగి జామిర్ గిబ్స్‌ను తీసుకుంది. ఆ బేరంలో అదనంగా వచ్చిన 34వ వంతుతో శామ్ లాపోర్టా అనే, పాసులు అందుకునే మంచి టైట్ ఎండ్‌ను సంపాదించింది. 2024లో గిబ్స్ 1,412 గజాలు పరుగెత్తాడు, డెట్రాయిట్ పదిహేను ఆటలు గెలిచి రెండే ఓడింది. గోడలు లేచాకే కప్పు వేయాలన్న తెలివి అది.

ఈ చర్చలో జట్ల లాభనష్టాలే వినబడతాయి. ఆటగాడి కోణం కూడా అంతే ముఖ్యం. పరుగెత్తేవాడి మేటి ఏళ్లు ఇరవై ఒకటి నుంచి ఇరవై ఆరు వరకు. ఆ కాలంలో చాలా భాగం తొలి ఒప్పందం కిందే గడుస్తుంది. ఒప్పందం ప్రకారం మూడు సీజన్లు నిండేదాకా జీతం పెంచమని అడిగే వీలు కూడా లేదు. ఆరో రౌండ్లో వచ్చి పదహారు వందల గజాలు పరుగెత్తినవాడికి దక్కేది ఆరో రౌండ్ జీతమే. తీరా బేరమాడే హక్కు వచ్చేసరికి, కాళ్లు అరిగిపోయాయని యాజమాన్యాలు మొహం చాటేస్తాయి. 2023 జులైలో పలువురు రన్నింగ్ బ్యాక్‌లు కలిసి తమ జీతాల గురించి మాట్లాడుకోవలసి వచ్చిందంటే ఆ బాధ ఊరికే పుట్టలేదు. తొలి వంతులు తగ్గాయి గనుక వాళ్ల శ్రమ విలువ కూడా తగ్గిందనుకోవడం అన్యాయం. ఈ స్థానంవాళ్లకు రెండో సీజన్ ముగియగానే జీతం తిరగరాసే హక్కివ్వాలి. ఆడిన సమయాన్నీ జీతాన్నీ బట్టి అదనపు సొమ్ము ఇచ్చే నిధిలో వాళ్ల వాటా పెంచాలి. అప్పుడు ఏ వంతులో పిలిచారన్నదానికి ఇంత ప్రాధాన్యం ఉండదు.

బర్ట్ బెల్ నియమం మంచి నియమం. బలహీన జట్టు లేచే అవకాశం దానివల్లే ఉంది. కానీ ఆ అవకాశాన్ని తొందరగా అరిగే కాళ్ల మీద పెట్టిన జట్లు, టాంపా నుంచి జెయింట్స్ దాకా, వెంటనే లేవలేదు. వాళ్లు నమ్ముకున్న మనుషులు ఒళ్లు హూనం చేసుకున్నారు. అడుగున ఉన్న జట్టు ముందు క్వార్టర్‌బ్యాక్‌నూ లైన్‌నూ కట్టుకోవాలి. అవి కుదిరిన రోజున పరుగెత్తేవాణ్ణి పిలిస్తే జట్టుకు మేలు, అంతకుమించి అతనికి మేలు.