షోరూమ్ గుమ్మంలో అరవై ఏళ్లు

కొనేవాడిలా ఒక మనిషి కార్ల షోరూమ్‌లోకి వస్తాడు. కారు చుట్టూ తిరిగి చూస్తాడు, సీట్లో కూర్చుంటాడు, ఇంకెంత తగ్గిస్తారని పట్టుబడతాడు. నెలాఖరు టార్గెట్ నెత్తిమీదున్న సేల్స్ ఎగ్జిక్యూటివ్ మెత్తబడి, కంపెనీ ఒప్పుకున్నదానికంటే కాస్త ఎక్కువే తగ్గిస్తానంటాడు. ఆ మనిషి మళ్లీ రాడు. డీలరుకు మాత్రం ఈమెయిల్ వస్తుంది. మీ షోరూమ్‌లో అదనపు డిస్కౌంట్ ఇవ్వజూపారు, ఆడియో, వీడియో ఆధారాలున్నాయి, సంజాయిషీ చెప్పండి అని. సంజాయిషీ నచ్చకపోతే డీలరుకు జరిమానా, అమ్మిన కుర్రాడికి జరిమానా, అతని టీమ్ లీడరుకూ జరిమానా.

ఇది కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2021 ఆగస్టు 23న మారుతీ సుజుకీ మీద ఇచ్చిన ఆదేశంలో వర్ణించిన తతంగం. కొనుగోలుదారుల వేషంలో మనుషులను పంపే ఏజెన్సీలను కంపెనీయే నియమించిందని, డీలర్లు ఒకరితో ఒకరు పోటీపడి ధర తగ్గించకుండా ఇలా కట్టడి చేసిందని కమిషన్ తేల్చి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. పేరు చెప్పుకోని ఒక డీలరు పంపిన ఈమెయిలే ఈ దర్యాప్తుకు మూలం. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. అంతకుముందు 2017లో హ్యుందాయ్ మీద ఇలాంటి కారణానికే 87 కోట్ల జరిమానా పడితే, మరుసటి ఏడాది అప్పీలేట్ ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. కాబట్టి ఎవరిది తప్పో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఆ ఆదేశం చదివితే తట్టే ప్రశ్న వేరు. కూరగాయల నుంచి ఇంటి స్థలం దాకా అన్నింటికీ బేరమాడే మన దేశంలో కారు ధర మీద అసలు బేరం ఎప్పుడు ఉండేది?

మొదట్లో కారు ధర నిర్ణయించింది సర్కారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని ఆపేశారు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు మీద, ఇక్కడే తయారుచేసే ప్రణాళిక లేని కంపెనీలకు తలుపులు మూశారు. విడిభాగాలు తెచ్చి బొంబాయిలో, మద్రాసులో బిగించి అమ్ముకునే జనరల్ మోటార్స్, ఫోర్డ్ సర్దుకుని వెళ్లిపోయాయి. కార్లలో మిగిలింది ప్రధానంగా మూడు పేర్లు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్ (తర్వాత పేరు పద్మిని), మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్.

తయారయ్యేవి తక్కువ, కావాల్సినవాళ్లు ఎక్కువ. అలాంటప్పుడు ధర పెరుగుతుంది, లేదా క్యూ పెరుగుతుంది. సర్కారు క్యూను ఎంచుకుంది. 1959లో మోటారు కార్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం డీలరు బుకింగుల రిజిస్టరు పెట్టాలి, వరస తప్పకూడదు. కారు చేతికొచ్చినవాడు కొంతకాలం దాకా అనుమతి లేకుండా దాన్ని మళ్లీ అమ్ముకోకూడదు. ఇది కాక ప్రభుత్వ కోటా వేరే. 1969 సెప్టెంబరులో కారు ధర ఇంతకు మించరాదని సర్కారే నేరుగా అంకె వేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. ఒక కారుకు ఎంత ఖర్చవుతుంది, ఎంత లాభం న్యాయం అన్న లెక్క 1971లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫియట్ తలుపుకీ అంబాసిడర్ బానెట్‌కీ ఎంత వేయాలో న్యాయమూర్తులు కూర్చుని విన్న రోజులవి. ఇవాళ ఈ సంగతి చెబితే కుర్రకారు నమ్మరు.

ఈ ఏర్పాటులో సేల్స్‌మన్‌కు అమ్మే పనేమీ లేదు. వచ్చినవాడికి రంగు ఎంచుకునే వీలు కూడా అంతంతమాత్రమే. డీలరు ఏజెన్సీ దొరికిందంటే జమీందారీ దొరికినట్టే. అందుకే ఆ తరం మనుషులు కారు కొన్నామని అనేవారు కాదు, కారు వచ్చిందనేవారు. అసలు బేరం షోరూమ్ బయట నడిచేది. రోడ్డెక్కిన కారుకు కొత్త కారుకంటే ఎక్కువ ధర పలికేది, ఆ తేడానే ప్రీమియం అనేవాళ్లు. అమ్మకూడదన్న నిబంధన ఉన్నా, కారు ఒకరి పేర, తాళం ఒకరి చేతిలో ఉండేవి.

1983 ఏప్రిల్‌లో మారుతీ 800కు బుకింగులు తెరిచారు. 10 వేల రూపాయలు కట్టాలి. జూన్‌లో మూసేసరికి లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పటికి దేశం మొత్తం మీద ఏడాదికి తయారయ్యే కార్లు 50 వేలు కూడా దాటేవి కావని గుర్తుపెట్టుకుంటే ఆ ఆకలి ఎలాంటిదో తెలుస్తుంది. ఎవరికి ముందు ఇవ్వాలో లాటరీ తీశారు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు అందుకున్నది ఢిల్లీకి చెందిన హర్పాల్ సింగ్, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. కారు మారింది, ఇంజను మారింది, ప్రీమియం మాత్రం మారలేదు. మారుతీ అలాట్‌మెంట్ లెటరు చేతిలో ఉంటే చాలు, కారు చూడకుండానే లాభం చేసుకోవచ్చు.

ఆ నిరీక్షణను వ్యాపారంగా మార్చిన కథ మరీ ఆసక్తికరం. 1980ల చివరికి సిటీబ్యాంకు కారు లోన్లలో పెద్ద చెయ్యి. ఆ బ్యాంకులో లోను తీసుకుంటే కారు వెంటనే, సొంత డబ్బుతో కొంటే నెలల తరబడి ఎదురుచూపు. ఇది గమనించి ఉదయ్ కోటక్ తన ఫైనాన్స్ కంపెనీ తరఫున ముందే గంపగుత్తగా కార్లు బుక్ చేసి పెట్టుకున్నాడు. మా దగ్గర లోను తీసుకోండి, కారు ఇప్పుడే తీసుకెళ్లండి అన్నాడు. జనం కొన్నది లోను కాదు, క్యూ తప్పించుకునే హక్కు. డబ్బున్నవాడు కూడా ఈఎంఐ కట్టిన కాలం అది. ఇవాళ షోరూమ్‌లో ఫైనాన్స్ కౌంటరు గుమ్మం పక్కనే ఎందుకుంటుందో వెతికితే దాని వేళ్లు ఇక్కడ కనిపిస్తాయి.

1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నారు. సియెలో, ఎస్కార్ట్, ఆస్ట్రా వచ్చాయి. 1998లో శాంత్రో, మాటిజ్, ఇండికా దాదాపు ఒకేసారి దిగాయి. షోరూములకు ఏసీలు, అద్దాల గోడలు, టై కట్టుకున్న కుర్రాళ్లు వచ్చింది ఈ దశాబ్దంలోనే. తొలిసారి కొనేవాడు కుర్చీలో కూర్చున్నాడు, అమ్మేవాడు లేచి నిలబడ్డాడు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మన పెద్దలకు చేతకాని కొత్త విద్య ఒకటి పుట్టింది. ఒక షోరూమ్ కొటేషన్ పట్టుకెళ్లి ఇంకో షోరూమ్‌లో బల్లమీద పెట్టడం.

కంపెనీలకు కంటగింపయింది ఇదే. ఒకే కంపెనీ డీలర్లు ఇద్దరు కొట్టుకుంటే కారు పరువు పోతుందని, సర్వీసు నాసిరకమవుతుందని వాటి వాదన. అందులో నిజం లేకపోలేదు. లాభం అంతా డిస్కౌంట్‌లో పోయిన డీలరు ఆ లోటును వర్క్‌షాప్ బిల్లులో పూడ్చుకుంటాడు. ఎవరు భరించినా చివరికి భరించేది మనమే. కానీ దొంగ గిరాకీలను పంపి అమ్మేవాడి జీతంలో కోత పెట్టించడం పరువు కాపాడటం ఎలా అవుతుందో నాకు అంతుపట్టదు.

పైనుంచి ధర బిగించేసరికి బేరం పక్కలకు పాకింది. ఆన్ రోడ్ ధర కొటేషన్ తీసి చూడండి. ఎక్స్ షోరూమ్ ధర మీద డీలరు చేయగలిగింది కొద్దే. లైఫ్ ట్యాక్స్ సర్కారుది, ధర పెరిగేకొద్దీ శాతమూ పెరుగుతుంది. 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ తప్పదు, అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది. మిగిలినవే మైదానం. బీమా, యాక్సెసరీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, టెఫ్లాన్ కోటింగ్, హ్యాండ్లింగ్ చార్జీలు. చివరిదానికి మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా చోటు లేదు. అడిగితే గానీ అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగితే గానీ తీసేయరు.

బీమా సంగతికి ప్రత్యేకంగా ఆగాలి. కారుతోపాటు డీలరు ఇచ్చే పాలసీయే తీసుకోవాలన్నది షోరూముల్లో ఎక్కువగా వినిపించే అబద్ధం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మన హైదరాబాద్‌లోనే ఉంది. 2017 నవంబరు నుంచి అమలైన దాని నిబంధనలు డీలర్ల బీమా అమ్మకాలను చట్రంలోకి తెచ్చాయి, తమ పాలసీయే తీసుకోమని బలవంతం చేయకూడదన్నాయి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా సుప్రీంకోర్టు ఆదేశంతో తప్పనిసరైంది. ఆ మూడేళ్ల మాట చూపించి మొత్తం పాలసీ తమ దగ్గరే ఉండాలనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే చాలాచోట్ల డీలరు ప్రీమియమే దిగివస్తుంది.

ఇంత చదివి సేల్స్ కుర్రాడి మీద కోపం పెంచుకోవడం అన్యాయం. అతని వెనక డీలరు, డీలరు వెనక కంపెనీ ఉన్నారు. ప్రతి నెలా ఒకటో తారీఖున కంపెనీలు ప్రకటించే అమ్మకాలు మనం కొన్న కార్లు కావు, డీలర్లకు పంపిన కార్లు. గోదాముకు చేరిన కారు కంపెనీకి అమ్ముడుపోయినట్టే. డీలరుకు మాత్రం అప్పటినుంచే బ్యాంకు వడ్డీ మొదలు. 2024 పండగల ముందు డీలర్ల సమాఖ్య ఫాడా చెప్పిన లెక్క చూడండి. 80 నుంచి 85 రోజుల నిల్వ, 7.9 లక్షల కార్లు, వాటి విలువ 79 వేల కోట్ల రూపాయలు. రిజిస్ట్రేషన్లను బట్టి నిజమైన అమ్మకాలెన్నో చెప్పేది ఫాడాయే. కంపెనీ మూటాముల్లె సర్దుకుంటే డీలరుకు దిక్కులేదు. జనరల్ మోటార్స్ 2017లో, ఫోర్డ్ 2021లో ఇక్కడ అమ్మకాలు ఆపేస్తున్నామన్నప్పుడు కోట్లు పెట్టి షోరూములు కట్టినవాళ్లు రోడ్డున పడ్డారు. అమెరికాలో రాష్ట్రాలకు డీలర్లను కాపాడే ఫ్రాంచైజీ చట్టాలున్నాయి. అలాంటిది మన దగ్గర లేదు.

ఇక క్యూ పోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2009లో నానో కోసం 2 లక్షలకు పైగా బుకింగులు వస్తే మళ్లీ లాటరీ తీయాల్సి వచ్చింది. 2021లో చిప్‌ల కొరత నడుమ ఎక్స్‌యూవీ 700కు 57 నిమిషాల్లో 25 వేల బుకింగులు, మరుసటి ఏడాది స్కార్పియో ఎన్‌కు అరగంటలో లక్ష. కార్లు కరువైన ఆ రోజుల్లో డిస్కౌంట్ మాటెత్తితే నవ్వారు. యాక్సెసరీల ప్యాక్ తీసుకుంటే డెలివరీ ముందుకు జరుగుతుందన్న సన్నాయినొక్కులు వినిపించాయి. ప్రీమియం పాత పేరుతో రాలేదు, అంతే తేడా.

మనవాళ్లకు పంచాంగం కూడా బేరంలో ఒక ఆయుధమే, మనం వాడుకోం గానీ. దసరాకు, ఉగాదికి అందరూ ఒకేసారి వెళ్తారు. అమ్మేవాడికి తగ్గించాల్సిన అవసరం ఉండదు. ఆషాఢంలో, మూఢంలో షోరూమ్ బోసిపోతుంది, వడ్డీ మాత్రం పరిగెడుతుంది. నమ్మకం వదులుకోలేనివాళ్లు ధర ఆషాఢంలో ఖాయం చేసుకుని, డెలివరీ శ్రావణంలో తీసుకోవచ్చు. డిసెంబరు బేరం మాత్రం జాగ్రత్తగా చూడాలి. తయారైన ఏడాది రేపు అమ్మేటప్పుడు మీ ధరను కోస్తుంది.

అనంతపురం నేల మీద పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చి 2019లో సెల్టోస్ రోడ్డెక్కాక, కారు తెలుగు గడ్డ మీద తయారవుతోందన్న సంబరం మిగిలింది. ఫ్యాక్టరీ పక్క ఊళ్లో ఉన్నా కొటేషన్‌లో పద్దులు అవే. ధర నిర్ణయించే చెయ్యి మాత్రం ఇప్పుడు ఇంకోసారి మారుతోంది. 2021 అక్టోబరు నుంచి మెర్సిడెస్ బెంజ్ ఇక్కడ డీలరుకు కారు అమ్మడం మానేసి, దేశమంతా ఒకే ధరకు నేరుగా కొనుగోలుదారు పేరనే బిల్లు వేస్తోంది. డీలరు చూపించి అప్పగించే మనిషి. 2025 జులైలో ముంబైలో తెరిచిన టెస్లా షోరూమ్‌కు అసలు డీలరే లేడు. బేరం బెడద పోయిందని కొందరు సంతోషిస్తున్నారు. కొనేవాడి వైపు నుంచి చూస్తే ఇది 1969కి కాస్త దగ్గరగా ఉంది, సర్కారు కుర్చీలో కంపెనీ కూర్చుందంతే.

చిన్న కార్ల కొనుగోలుదారుకు ఆ రోజు ఇంకా రాలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి దిగింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వని కొటేషన్లు ఉండొచ్చు, చూసుకోండి. అడ్వాన్సు కట్టకముందే పద్దుల వారీగా కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి. బీమాకు బయట ధర కనుక్కోండి. హ్యాండ్లింగ్ చార్జీలు ఏ నిబంధన కిందో అడగండి. ఛాసిస్ నంబరు చూసి తయారైన నెల, ఏడాది ఖాయం చేసుకున్నాకే మిగతా డబ్బు చెల్లించండి.