విండోస్ 10కి సపోర్ట్ ఆగింది.. ల్యాప్‌టాప్ మార్చేయాలా? ముందు అందులోని సాఫ్ట్‌వేర్ సంగతి చూసుకోండి

ఇంట్లోనో షాపులోనో ఇంకా విండోస్ 10 కంప్యూటరే వాడుతున్నారా? దానికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసింది. సపోర్ట్ పోయిందంటే కంప్యూటర్ ఆగిపోదు. ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, ఫైల్స్ తెరుచుకుంటాయి. అందుకే చాలామంది 'ఏం కాలేదు కదా' అనుకుంటారు. కానీ ఇకపై కొత్త సెక్యూరిటీ లోపం బయటపడితే దాన్ని పూడ్చే అప్‌డేట్ మామూలుగా రాదు. అదే కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ చేసేవాళ్లకు, షాపు లెక్కలు పెట్టుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

2017 మే నెలలో వచ్చిన వన్నాక్రై గుర్తుందా? ఏపీ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. పెట్టుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. ప్యాచ్ ఉన్నప్పుడే పరిస్థితి అది.. అసలు ప్యాచే రాకపోతే?

యాంటీవైరస్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. విండోస్ 10లోని డిఫెండర్‌కు వైరస్ సమాచారం 2028 అక్టోబర్ వరకు అందుతుంది. అయితే అది ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోపాన్ని పూడ్చదు.

ముందు కాస్త టైమ్ సంపాదించండి

ఈఎస్‌యూ అనే పొడిగింపులో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు సింక్ చేస్తే అదనంగా డబ్బు కట్టక్కర్లేదు. సింక్ వద్దనుకుంటే 1,000 రివార్డ్స్ పాయింట్లు లేదా 30 డాలర్లు. కంప్యూటర్ 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి, అకౌంట్ లేకుండా మాత్రం కుదరదు.

ఇక విండోస్ 11 సంగతి. టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచే ప్రాసెసర్లను ఒప్పుకుంటుంది. 'మీ పీసీ పనికిరాదు' అని మెసేజ్ వస్తే వెంటనే షాపుకి పరిగెత్తకండి. కొన్నింటిలో టీపీఎం ఉంటుంది కానీ బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. తెలిసిన మెకానిక్‌తో అది ఆన్ చేయించి మళ్లీ చెక్ చేయొచ్చు.

లినక్స్ వేసే ముందు ఇది చేయండి

నిజంగా విండోస్ 11 ఎక్కని మెషీన్‌కు లినక్స్ మింట్, జోరిన్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. బ్రౌజింగ్ తప్ప వేరే పని లేదంటే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ కూడా సరిపోతుంది, కాకపోతే అందులో ఆండ్రాయిడ్ యాప్స్ రావు. చాలామంది తడబడేది ఓఎస్ దగ్గర కాదు, అలవాటైన సాఫ్ట్‌వేర్ దగ్గర. కాబట్టి ఓఎస్ కంటే ముందు సాఫ్ట్‌వేర్ మార్చి చూడండి. ఎంఎస్ ఆఫీస్ బదులు లిబ్రేఆఫీస్, ఫొటోషాప్ బదులు గింప్.. ఇవన్నీ విండోస్‌లోనూ పనిచేస్తాయి. ఒక నెల వీటితోనే పని చేయండి. మ్యాక్రోలున్న ఎక్సెల్ షీట్లు ఎక్కడ మొరాయిస్తాయో అప్పుడే తెలిసిపోతుంది. నెల బాగానే గడిచిందంటే లినక్స్‌కి మారడం పెద్ద పని కాదు. అన్నట్టు, ఆఫీస్ 2016, 2019 వెర్షన్లకు కూడా అదే అక్టోబర్ 14న సపోర్ట్ ముగిసింది. అంటే వాటిని ఎలాగూ మార్చాల్సిందే.

తెలుగు టైపింగ్‌కు భయం అక్కర్లేదు. లినక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఉంటుంది. గౌతమి ఫాంట్ విండోస్‌ది కాబట్టి అది లేనిచోట డాక్యుమెంట్ లైన్లు అటూ ఇటూ జరగొచ్చు. నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్‌కి మార్చుకుంటే సరి.

చిక్కంతా డీటీపీ సెంటర్లకే. అను ఫాంట్లలో టైప్ చేసింది యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేకపోతే పెళ్లి కార్డు మ్యాటర్ మొత్తం ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులుగా కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌లో ఏళ్ల తరబడి దాచిన ఫైల్స్ ఉన్నవాళ్లు ఆ పాత మెషీన్‌ను అలాగే ఉంచి, ఇంటర్నెట్ కనెక్షన్ మాత్రం తీసేయడం మంచిది. మెయిల్, వాట్సాప్, బ్యాంకు పనులకు వేరే కంప్యూటర్ పెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్ స్కాన్ చేశాకే ఇందులో పెట్టాలి. టాలీ వాడే షాపులదీ ఇదే సమస్య, అది విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. వాళ్లకు లినక్స్ కంటే విండోస్ 11 ఉన్న మెషీనే తక్కువ తలనొప్పి.

మింట్‌ను హార్డ్‌డిస్క్‌లో వేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. వైఫై, ప్రింటర్, సౌండ్.. ముఖ్యంగా ప్రింటర్.. పనిచేస్తున్నాయో లేదో అక్కడే తేల్చుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపే ఆప్షన్ ఎంచుకుంటే పాత డేటా ఏదీ మిగలదు. ఫొటోలు, లెక్కలు ముందే వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీలు ఓపెన్ అవుతున్నాయని చూశాకే ఆ బటన్ నొక్కండి.